చించినాడ వంతెన ఎక్కని జీపు

డిసెంబరు 8, ఆదివారం

విప్పడం మొదలెట్టకముందే లక్షణాలన్నీ రాసి పెట్టుకుంటున్నాను. నట్లు తీసి కింద పెట్టాక, ముందునుంచీ ఉన్న జబ్బేది, నేను తెచ్చిపెట్టిన జబ్బేది అన్నది కలగాపులగం అయిపోతుంది.

బండి 1989 మోడల్ మహీంద్రా ఎంఎం 540. ప్యూజో డీజిల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, 2112 సీసీ. 1996 నవంబరు తుఫాను మా కొబ్బరితోటని పడుకోబెట్టేశాక, కూలిన చెట్లు లాగించడానికి నాన్నగారు దీన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మలికిపురం పక్కన మా ఊళ్లో ట్రాక్టరు తిరగని ఇరుకు తోటల్లోకి ఇది దూరి, గొలుసు కట్టిన మొద్దుల్ని ఈడ్చుకుంటూ గట్టెక్కేది. చించినాడ వంతెన లేని రోజుల్లో సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం తీసుకెళ్లేవారు. అవతల పంటు దిగి రేవు ఎక్కడమే అప్పట్లో దీనికి పెద్ద పరీక్ష. ఒక్కసారి కూడా మధ్యలో ఆగిన గుర్తు లేదు.

ఇప్పుడు ఆగుతోంది. మలికిపురం, రాజోలు, తాటిపాక తిరిగినంతసేపూ ఏ లోటూ లేదు. నలభై మీద హాయిగా పోతుంది. దిండి దాటి చించినాడ వంతెన అప్రోచ్ ఎక్కడం మొదలెట్టి సగానికి వచ్చేసరికి బలం జారిపోతుంది. మూడు నుంచి రెండుకి దించుతాను, యాక్సిలరేటర్ నేలకి ఆనేదాకా తొక్కుతాను, నాలుగు తుళ్లు తుళ్లి ఆగిపోతుంది. పక్కకి తీసి పది నిమిషాలు ఊరుకుంటే స్టార్టవుతుంది, మళ్లీ కొంతదూరం బానే పోతుంది.

మా సీమలో ఎత్తు అంటే ఏటిగట్లు, వంతెనలు. అంతే. ఘాట్ రోడ్లున్న ఊళ్లో అయితే ఈ జబ్బు ఎప్పుడో బయటపడేది. ఇక్కడ ఎన్నాళ్లుగా దాక్కుని ఉందో చెప్పలేను.

ఇవాళ నాన్నగారు పక్కన కూర్చున్నారు. బండి జారిపోతుంటే ఆయన ఎదరకి చూడలేదు, వెనక్కి తిరిగి సైలెన్సర్ వైపు చూశారు. "పొగ లేదురా" అన్నారు. ఈ మొత్తం వ్యవహారంలో అదే మొదటి ఆధారం. ఎయిర్ క్లీనర్ మూసుకుపోయి గాలి అందకపోతే డీజిల్ సరిగ్గా కాలక నల్లపొగ వస్తుంది. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్ కారుతున్నా పొగ తప్పదు. పొగ లేకుండా బలం పోతోందంటే ఇంజన్‌కి తిండే అందడం లేదన్నమాట.

ఫిబ్రవరి 8న అంతర్వేది రథం. నాన్నగారు ఈసారి కారు వద్దు, జీపులోనే వెళ్దామన్నారు. గడువు అదే.

డిసెంబరు 10, మంగళవారం

ఒక మెకానిక్‌కి చూపించాను. నిలబెట్టిన చోటే రెండుసార్లు రేజ్ చేసి, "పంపు అయిపోయిందండీ. దింపి క్యాలిబ్రేషన్ చేయించాలి, నాజిల్స్ మార్చాలి, మొత్తం 28 వేలవుద్ది" అన్నాడు. వంతెన దాకా రమ్మంటే రాలేదు.

ఆయన చెప్పిన పంపు ఎఫ్ఐపీ, అంటే నాజిల్స్‌కి ప్రెషర్‌తో డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. అది అరిగితే ముందు వేడి మీద స్టార్టింగ్ కష్టమవుతుంది. నా బండి సంతకెళ్లొచ్చి ఆపిన వెంటనే తాళం తిప్పినా అరచుట్టులో అందుకుంటుంది. పైగా అరిగిన ఇనుము పది నిమిషాలు విశ్రాంతి ఇస్తే బాగుపడదు. పది నిమిషాల్లో బాగుపడేది ఎక్కడో పేరుకుని, ఇంజన్ ఆగాక జారి కిందపడేది. ఒప్పుకోకుండా వచ్చేశాను. డీజిల్ ట్యాంకులో బయల్దేరి పంపు దాకా వచ్చే దారంతా నేనే చూస్తాను. పంపు జోలికి చివర్న.

డిసెంబరు 15, ఆదివారం

కాగితం మీద దారి గీసుకున్నాను. ట్యాంకు మూత, ట్యాంకు, అడుగున జాలీ ఉన్న పికప్ గొట్టం, ఛాసిస్ వెంట స్టీలు ట్యూబు, రబ్బరు హోసు, నీళ్లూ చెత్తా అడుగుకి దిగే సెడిమెంటర్ బౌల్, ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, కాగితం ఫిల్టరు, ఎఫ్ఐపీ, నాజిల్స్, మిగిలిన డీజిల్ తిరిగి ట్యాంకుకి వెళ్లే రిటర్న్ పైపు. ఫీడ్ పంపు దాకా ఉన్నదంతా పీల్చే వైపు. అక్కణ్ణించి అవతలంతా నెట్టే వైపు. ఈ గీత మనసులో ఉంటే సగం పని అయినట్టే.

కొంచెం లెక్క కూడా వేశాను. సాపు రోడ్డు మీద నలభై స్పీడులో లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తోంది. అంటే గంటకి మూడున్నర లీటర్ల లోపు, నిమిషానికి 55 సీసీ. అరగ్లాసు కూడా కాదు. అదే వంతెన మీద యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే దానికి నాలుగింతలు కావాలి, నిమిషానికి 200 సీసీ పైమాటే. దారిలో ఎక్కడో సన్నబడి నిమిషానికి 100 సీసీ మాత్రమే పోతోందనుకోండి, రాజోలు వెళ్లి రావడానికి అది చాలు, చించినాడ ఎక్కడానికి చాలదు. నిలబెట్టి రేజ్ చేస్తే ఏమీ తెలియకపోవడానికి కూడా కారణం ఇదే. బరువు లేని ఇంజన్ ఎంత అరిచినా తాగేది తక్కువ.

మొదట ఖర్చు లేని పరీక్ష. ట్యాంకు మూతకుండే గాలి కన్నం మూసుకుపోతే లోపల వాక్యూమ్ పట్టి డీజిల్ కదలదు. మూత వదులుగా పెట్టి, మీద గుడ్డ చుట్టి వంతెనెక్కాను. అదే చోట ఆగింది. మూతని జాబితాలోంచి కొట్టేశాను.

తర్వాత సెడిమెంటర్ బౌల్ విప్పి హార్లిక్స్ సీసాలోకి వంచాను. పది నిమిషాలు కదపకుండా ఉంచితే మూడు పొరలుగా తేరింది. పైన డీజిల్, అడుగున రెండు చెంచాల నీళ్లు, ఆ రెండింటి మధ్య గోధుమ రంగు జిగురు. చెరువులో గట్టువారన పట్టే నాచులా ఉంది. వేళ్ల మధ్య సాగుతోంది. నీళ్లలో తుప్పు పొలుసులు.

కొత్త కాగితం ఫిల్టరు వేశాను. పాతదాన్ని హ్యాక్సాతో కోసి మడతలు విప్పితే నల్లగా, తారు పూసినట్టు ఉంది. లైన్లో పట్టిన గాలి, అదే ఎయిర్, తీసి వంతెన ఎక్కితే ఎక్కేసింది! నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను.

డిసెంబరు 18, బుధవారం

మళ్లీ ఆగింది. అదే చోట, అదే తుళ్లడం. ఫిల్టరు మూసుకుపోయిందేమో అనుకుని విప్పితే ఇంకా పసుపుగానే ఉంది. బౌల్‌లో మాత్రం కొత్తగా పొలుసులు. అంటే ట్యాంకులోంచి వస్తూనే ఉన్నాయి.

డిసెంబరు 22, ఆదివారం

ఇవాళ చేసిన పరీక్షని వివరంగా రాస్తాను. పాత డీజిల్ జీపు ఉన్నవాళ్లు పంపు దింపించేముందు ఇదొక్కటి చేస్తే చాలు.

ట్యాంకునీ, ఛాసిస్ లైనునీ మొత్తం పక్కన పెట్టేసి, ఐదు లీటర్ల డబ్బాలోంచి ఇంజన్‌కి డీజిల్ ఇవ్వాలి. కొత్త హోసు డబ్బాలోంచి నేరుగా ఫీడ్ పంపుకి. రిటర్న్ పైపుని కూడా విప్పి అదే డబ్బాలోకి తిప్పాలి. అది మర్చిపోతే డబ్బా ఖాళీ అయ్యి ట్యాంకు నిండుతుంది, మధ్యలో గాలి పట్టి కొత్త అనుమానాలొస్తాయి.

డబ్బా ఎక్కడ పెడుతున్నామన్నది చాలా ముఖ్యం. సులువని బానెట్ మీదో, సీటు మీదో పెట్టి కడతారు. అప్పుడు డీజిల్ తన బరువుకి తానే దిగిపోతుంది. ఫీడ్ పంపు నీరసంగా ఉన్నా తెలియదు, పరీక్షలో దొంగ పాసు వస్తుంది. అందుకని డబ్బాని పక్క సీటు ఎదర ఫ్లోరు మీద, ట్యాంకు మట్టానికి దించి పెట్టాం. మా చిన్నాన్న కొడుకు దాన్ని రెండు కాళ్ల మధ్యా ఇరికించి పట్టుకున్నాడు. హోసు సైలెన్సర్ పైపుకి తగలకుండా తాడుతో కట్టాం. డీజిలే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. వేడి పైపు మీద కారితే అంటుకుంటుంది. మంటలార్పే సిలిండర్ సీటు వెనకాల పెట్టుకునే బయల్దేరాం.

దిండి దాటాం. మూడో గేరు. తమ్ముడు డబ్బా వంకే చూస్తున్నాడు. రోజూ ఆగే దీపస్తంభం వచ్చింది, దాటింది. యాక్సిలరేటర్ నేలకే ఆనించి ఉంచాను. మూడో గేరులోనే వంతెన మధ్యకి వచ్చేశాం, కింద వశిష్ఠ గోదావరి నిండుగా ఉంది. "అన్నయ్యా, ఆగలా!" అని వాడు అరిచాడు. అవతల చించినాడలో దిగి, తిరిగి, ఇవతలికి ఎక్కాం. మొత్తం ఆరుసార్లు. ఆరుసార్లూ మూడో గేరే.

ఫీడ్ పంపు, ఫిల్టరు, ఎఫ్ఐపీ, నాజిల్స్ అన్నీ బరువు మీద పనిచేస్తున్నాయి. జబ్బంతా ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యనే ఉంది. 28 వేల పని అక్కర్లేదని ఐదు లీటర్ల డబ్బా, ఎనిమిది అడుగుల హోసు తేల్చేశాయి. ఇంటికొచ్చి నాన్నగారికి చెప్తే ఏమీ అనలేదు. లేచి వెళ్లి బానెట్ మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డారు.

డిసెంబరు 29, ఆదివారం

ట్యాంకు దింపాం. దింపేముందు డీజిలంతా తోడేశాం. ఆఖరి లీటరు కాఫీ డికాషన్ రంగులో వచ్చింది.

పికప్ గొట్టం అడుగున వేలంత జాలీ ఉంది. దానికి సీసాలో చూసిన జిగురే మందంగా, తడి పేపరు చుట్టినట్టు పట్టేసింది. ఒక పక్కన చిన్న సందు మిగిలింది, అంతే. పది నిమిషాల మర్మం ఇదే. ఇంజన్ లాగుతున్నంతసేపూ ట్యాంకులోని చెత్త జాలీకి అతుక్కుంటూ ఉంటుంది. ఆగితే పీల్చడం ఆగుతుంది, చెత్త ఊడి కిందికి జారుతుంది, మళ్లీ కాసేపు దారి ఇస్తుంది.

ఆ జిగురు మురికి కాదు, ప్రాణమున్నది. డీజిల్‌లో బూజు పెరుగుతుంది. హార్మోకోనిస్ రెసినే అనే బూజు ఇందులో పేరుమోసింది. అది నీళ్లకీ డీజిల్‌కీ మధ్య సరిహద్దులో కాపురం పెడుతుంది. తాగడానికి కింద నీళ్లు, తినడానికి పైన డీజిల్. అది వదిలే ఆమ్లాలు ట్యాంకు రేకుని కూడా తింటాయి. నీళ్లు లేని ట్యాంకులో మాత్రం బతకలేదు. మందులు అమ్ముతారు, వాడొచ్చు కూడా. కానీ నీళ్లు అలాగే ఉంచి మందు పోస్తే మళ్లీ వస్తుంది.

నీళ్లెలా వచ్చాయా అని ఆలోచించాను. మూడు దారులు కనిపించాయి. మొదటిది మా గాలి. సగం ఖాళీ ట్యాంకుతో జీపు నెలల తరబడి నిలబడింది. మిగతా సగంలో ఉన్నది ఏటి గాలి, సముద్రం గాలి. రాత్రి చల్లబడితే రేకు లోపల చెమటలా పట్టి కిందికి కారుతుంది. రెండోది 2022 జులై వరద. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో ఈ జీపు ఇరుసులు మునిగే నీళ్లలో లంకల వైపు బియ్యం, మంచినీళ్ల డబ్బాలు మోసింది. తర్వాత డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించాను కానీ ట్యాంకు సంగతి తట్టలేదు. మూడోదే అన్నిటికన్నా పెద్దది. చెరువు దగ్గర నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల జనరేటర్‌కి పెట్టుకున్న 200 లీటర్ల డ్రమ్ము. బంకు దూరమని చాలాసార్లు అందులోంచే జీపులో పోసుకున్నాం. డ్రమ్ము నిటారుగా ఉంటే వానకి పైమూత మీద అంగుళం నీళ్లు నిలుస్తాయి. పగలు ఎండకి లోపలి గాలి పెరిగి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి లోపలికి పీల్చుకుంటుంది. బిరడా ఎంత బిగించినా దాని మర చుట్ల సందుల్లోంచి ఆ నీటిని కూడా పీల్చుకుంటుంది. ఇవాళే డ్రమ్ముని పడుకోబెట్టించాను, రెండు బిరడాలూ డీజిల్ మట్టానికి కింద ఉండేటట్టు.

ట్యాంకు శుభ్రం చేసిన పద్ధతి: రెండు లీటర్ల డీజిల్ పోసి, 60 పాత నట్లు లెక్కపెట్టి వేశాం. మూత బిగించి, మామిడికొమ్మకి తాడేసి ఉయ్యాలలా కట్టి అరగంట ఊపాం. మా పిల్లలకి ఆ పని అప్పగిస్తే వదల్లేదు. వంచి, వడగట్టి, మళ్లీ పోసి, నాలుగుసార్లు. చివరి డీజిల్ శుభ్రంగా వచ్చేదాకా. నట్లు తిరిగి లెక్కపెడితే 59. అరవయ్యోది మూల మడతలో ఇరుక్కుంది, దానికి గంట పట్టింది. ఇలాంటి ట్యాంకుని ఎంత కడిగినా వెల్డింగ్ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి. లోపల ఆవిరి మిగిలే ఉంటుంది, పేలుతుంది.

జాలీని బ్రష్షుతో కడిగాను. వెలుగుకి పెట్టి చూస్తే కన్నాలన్నీ కనిపించాయి.

జనవరి 5, ఆదివారం

ట్యాంకు ఎక్కించాం. ఎయిర్ తీయడం నాకిప్పుడు నిద్రలో కూడా వస్తుంది. ఫిల్టరు తల మీది స్క్రూ ఒకటిన్నర చుట్టు వదులు చేసి, చేత్తో కొట్టే ప్రైమర్ పంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తర్వాత బుడగలు, తర్వాత కడ్డీలా డీజిల్ వస్తుంది. అలా వస్తూ ఉండగానే స్క్రూ బిగించాలి, ఆగాక కాదు. తర్వాత ఎఫ్ఐపీ మీది స్క్రూ. అప్పటికీ అందుకోకపోతే నాజిల్స్ దగ్గర నట్లు కొంచెం వదిలి సెల్ఫ్ కొట్టాలి. అక్కడ వేలు పెట్టి చూడొద్దు. నాజిల్ తెరుచుకునే ప్రెషర్ 100 బార్‌కి పైనే, ఆ ధార చర్మంలోకి దిగిపోతుంది. గుడ్డ చుట్టి దూరంగా నిలబడాలి.

ఖాళీ బండితో వంతెన మూడో గేరులో ఎక్కింది. సంతోషంగా అవతలికి వెళ్లి పాలకొల్లులో సిమెంటు బస్తాలు పది వేసుకుని తిరుగు ప్రయాణం పట్టాను. బరువుతో ఎక్కుతుంటే పైకి వచ్చేసరికి ఒక్క తుళ్లు. ఆగలేదు. కానీ తుళ్లింది.

ఇంటికొచ్చి ఫీడ్ పంపు ముందు హోసు తీసి, ఆ స్థానంలో జానెడు పారదర్శక గొట్టం పెట్టాను. ఐడిల్‌లో డీజిల్ అద్దంలా ఉంది. రేజ్ చేస్తే ఆవగింజంత బుడగలు, ఒకదాని వెనక ఒకటి. ట్యాంకు కడగడంతో అంతా అయిపోయిందనుకున్నాను. చాలా నిరాశగా ఉంది.

నాన్నగారు అరుగు మీద కూర్చుని అన్నమాట: "పొద్దున్నపూట రెండు మూడు సార్లు తిప్పితే గానీ అందుకోవట్లేదు, దసరా నుంచీ." నేను బ్యాటరీ అనుకుని వదిలేశాను. లైన్లో ఎక్కడైనా గాలి దూరే సందు ఉంటే, రాత్రంతా డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారిపోతుంది. పొద్దున్న ఫీడ్ పంపు ముందు గాలిని లాగాలి. ఆ మాట మొదటి రోజే రాసుకుని ఉండాల్సింది.

జనవరి 16, గురువారం

పండగ. పని లేదు. అల్లుళ్లు, పిల్లలు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. జీపుని సాపు రోడ్డు మీదే వాడాం, ఎనిమిది మందితో. రోజూ పొద్దున్న మూడుసార్లు సెల్ఫ్.

జనవరి 19, ఆదివారం

పీల్చే వైపు సందుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అందుకే చేత్తో తడిమితే ఎక్కడా తడి తగలదు. నెట్టే వైపు అయితే కారి దొరికిపోతుంది. పీల్చే వైపు దొంగని పట్టుకోవడానికి వేరే ఉపాయం కావాలి.

ముందు పారదర్శక గొట్టాన్ని జరుపుకుంటూ వెళ్లాను. ఫీడ్ పంపు దగ్గర బుడగలు. ట్యాంకు బయట, స్టీలు ట్యూబు మొదలయ్యే చోట పెడితే బుడగ లేదు. ట్యూబు చివర, హోసు మొదలయ్యే చోట పెడితే బుడగలు. అంటే ట్యూబులోనే. ట్యాంకు, పికప్ నిర్దోషులు.

రెండు కొసలూ విప్పాను. ట్యాంకు వైపు కొస బిరడా కొట్టి, రెండో కొసకి గేజీ ఉన్న కాలి పంపు తగిలించి నాలుగైదు పీఎస్ఐ మాత్రం ఎక్కించాను. ట్యాంకు తగిలి ఉండగా ఈ పని చేయకూడదు, రేకు ఉబ్బుతుంది. గేజీ ముల్లు మెల్లగా పడిపోతోంది. తమ్ముడు జీపు కిందికి దూరి సబ్బు నురగ బ్రష్షుతో రాసుకుంటూ వచ్చాడు. జాయింట్లు అన్నీ మంచివే. బయటికి కనిపించే ట్యూబు మంచిదే. ఛాసిస్‌కి ట్యూబుని పట్టి ఉంచే మూడో క్లిప్పు దగ్గర నురగ ఉబ్బింది. పాయసంలో సగ్గుబియ్యంలా ఒక్క బుడగ, పగిలి, మళ్లీ ఒకటి.

క్లిప్పు విప్పితే దాని కింది రబ్బరు ముక్క తీసిన చోట ట్యూబు ఎర్రగా, గుంటలు పడి ఉంది. సూది దూరేంత కన్నం. మా ఉప్పు గాలికి, చెరువు గట్ల మీది ఉప్పు బురదకి, క్లిప్పు కింద తడి ఎప్పటికీ ఆరదు. బయటికి కనిపించే భాగం వానకి కడుక్కుని ఆరిపోయి బాగుంటుంది. దాగి ఉన్న చోటే తినేసింది.

ఇప్పుడు కథంతా ఒక్కచోటికి వచ్చింది. జాలీ మూసుకుపోయినప్పుడు ఫీడ్ పంపు గట్టిగా పీల్చాల్సి వచ్చేది. ఎంత గట్టిగా పీలిస్తే ఈ కన్నంలోంచి అంత గాలి. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకున్నాయి. జాలీ కడిగాక పీల్చే కష్టం తగ్గింది, గాలీ తగ్గింది, ఆగడం పోయి ఒక్క తుళ్లు మిగిలింది. ఖాళీ బండితో పాసయ్యాక నేను అక్కడే ఆపేసి ఉంటే, రథం రోజు ఏ గట్టు మీదో నిలబడేవాళ్లం.

జనవరి 26, ఆదివారం

స్టీలు ట్యూబు పాలకొల్లులో కొన్నాను. కొట్టాయన రాగి గొట్టం వంగడానికి సులువని చూపించారు. వద్దన్నాను. రాగి తగిలితే డీజిల్ తొందరగా చెడి జిగురు పడుతుంది, పైగా అదురుకి గట్టిపడి చిట్లుతుంది. పాతదాన్ని నేల మీద పెట్టి దాని వంపుల ప్రకారమే వంచాం. కొసల దగ్గర చిన్న ఉబ్బు వేయించాను, హోసు జారకుండా.

హోసు కూడా మార్చేశాను. పాతదాన్ని నిలువునా కోస్తే లోపలి పొర చిట్లి, ఒకచోట నాలుకలా వేలాడుతోంది. ఇంకో ఏడాది ఉంటే అది కూడా దారికి అడ్డం పడేది. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్ 6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం లోపే. సల్ఫర్ తీసే శుద్ధిలో డీజిల్‌లో ఉండే ఏరోమాటిక్స్ అనే పదార్థాలు కూడా కొంత తగ్గుతాయి. పాత నైట్రైల్ రబ్బరు వాటిని పీల్చుకుని ఉబ్బి సీలు పట్టేది. అవి తగ్గితే కుంచించుకుపోయి సందిస్తుంది. పాత బండికి హోసులు, ఓ-రింగులు అన్నీ ఒక విడతలో మార్చెయ్యడం మేలని నా అభిప్రాయం. నీళ్ల పైపు ముక్కలు మాత్రం వాడొద్దు, నెలలో మెత్తబడతాయి. డీజిల్‌కని అడిగి తీసుకోవాలి.

పైపుల్ని కలిపే బ్యాంజో బోల్టుల రాగి వాషర్లు కొత్తవి ఒక సైజు దొరకలేదు. పాతవాటినే గ్యాస్ పొయ్యి మీద ఎర్రగా కాల్చి నీళ్లలో వేశాను. మెత్తబడ్డాయి, మళ్లీ పట్టాయి. క్లిప్పుల కింద ఈసారి గ్రీజు రాసి, తడి నిలవకుండా కిందివైపు సందు ఉంచాను.

ఎయిర్ తీసి, రాత్రికి వదిలేశాం.

జనవరి 27, సోమవారం

పొద్దున్న ఆరింటికి మంచు. ఇంజన్‌ని వేడిచేసే హీటర్ వేసి తాళం తిప్పాను. అరచుట్టు. నాన్నగారు లోపల్నుంచి "ఆయ్!" అన్నారు.

ఫిబ్రవరి 2, ఆదివారం

వలిచిన కొబ్బరికాయలు ఆరువందలు వేశాం. మీద నేను, తమ్ముడు, ఎదర సీటులో నాన్నగారు. దిండి నుంచి చించినాడ, మూడో గేరు, యాక్సిలరేటర్ నేలకి. తుళ్లు లేదు. పారదర్శక గొట్టాన్ని తీయకుండా ఉంచాను, దిగి చూస్తే అద్దంలా ఉంది. మధ్యలో ఆపి, వంతెన ఏటవాలు మీదే మళ్లీ ఎత్తుకున్నాను. వెళ్లింది.

వంతెన రెండు నిమిషాల పరీక్షే. ఆగకుండా లాగాల్సిన చోటు కావాలనుకుని కాయలు దింపేశాక అంతర్వేది వైపు వెళ్లాం. సముద్రం ఒడ్డున మెత్తటి ఇసకలో ఫోర్‌వీల్ 'లో' రేంజి వేసి, పావుగంట రెండో గేరులోనే తిప్పాను. చక్రాలు దిగబడుతూ, ఇంజన్ గొంతు మారకుండా లాగింది. తిరిగి తారు మీదికి ఎక్కాక ఇసక దులిపి, బౌల్ విప్పి చూశాను. చుక్క నీళ్లు లేవు.

మిగిలిన పనులు: ట్యాంకు ఎక్కించినప్పట్నుంచీ డీజిల్ మీటర్లో ముల్లు కదలడం లేదు, ఫ్లోట్ వైరు చూడాలి. ఐదొందల కిలోమీటర్లకి ఫిల్టరు కోసి చూడాలి. ప్రతి నెలా ఒకటో తారీఖున బౌల్ సీసాలోకి వంచాలి.

వచ్చేటప్పుడు బంకులో ఆగి ట్యాంకు నిండా పోయించాం, గాలికి చోటు లేకుండా. నేను డబ్బులిచ్చి వచ్చేసరికి నాన్నగారు దిగి మూత దగ్గర నిలబడి ఉన్నారు. బిగించిన మూతని ఇంకోసారి తిప్పి చూసి, వచ్చి కూర్చున్నారు. శనివారం తెల్లారి ఐదింటికి బయల్దేరాలన్నారు.